పగడపు దిబ్బల మీద డైవింగ్: సంస్థలు సముద్రానికి నిజంగా ఏ మేలు చేయగలవు?

ప్రశ్న: విశాఖ తీరం

గత ఫిబ్రవరిలో మా కుటుంబం అండమాన్ వెళ్లింది. ఒకప్పుడు హేవ్‌లాక్ అని పిలిచిన స్వరాజ్ ద్వీప్‌లో మా అమ్మాయి, నేను మొదటిసారి స్కూబా డైవింగ్ చేశాము. అమ్మాయికి 14 ఏళ్లు. ఒడ్డున ఒక అరగంట సేపు చేతి సైగలు, నోటితో గాలి పీల్చే పద్ధతి, మాస్కులోకి నీరు వస్తే బయటకు ఊదే విధానం నేర్పి, వీపుకు సిలిండరు తగిలించి నీటిలోకి తీసుకువెళ్లారు. ఆరేడు మీటర్ల లోతులో నీలిరంగు చేపల గుంపు ఒకటి మా అమ్మాయి చెవి పక్క నుంచి చీలిపోయి, ఆమె వెనుక మళ్లీ ఒక్కటైన దృశ్యం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

అయితే ఆ తర్వాత జరిగినది నన్ను వదలడం లేదు. ఫొటో కోసం మా గైడు నా చేతిని తీసుకుని ఒక కొమ్మల పగడం మీద ఆనించాడు. పక్కనే ఉన్న మరొక బృందంలో ఎవరిదో ఫిన్, అంటే ఈదడానికి పాదానికి తొడిగే రెక్క, తగిలి ఒక కొమ్మ విరిగింది. విరిగిన చోట ఎముకలాగా తెల్లగా కనిపించింది. పైకి వచ్చాక అడిగితే, "అది చచ్చిపోయిన పగడమేనండీ, ఏమీ కాదు" అని చెప్పారు. ఆ కార్యాలయం గోడ మీద మాత్రం సముద్రాన్ని కాపాడుదాం అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

ఇంటికి వచ్చాక చదివితే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో రాతి పగడాలన్నీ ఉన్నాయని, అంటే పులికి ఉన్నంత రక్షణ చట్టరీత్యా వాటికీ ఉందని తెలిసింది. నేను డబ్బు చెల్లించి ఆ పగడం మీద చేయి వేశానన్న సంగతి అప్పటి నుంచి బాధిస్తూనే ఉంది.

నేను అడగదలచినది ఇది. ఇలాంటి చోట్లకు మనుషులు అసలు వెళ్లకపోవడమే మేలా? లేక డైవింగ్ సంస్థలు సరిగా నడిస్తే పర్యాటకం వల్ల సముద్రానికి మేలు కూడా జరుగుతుందా? జరిగితే, అది ఏ పనుల వల్ల జరుగుతుంది? డబ్బు కట్టకముందే ఒక సంస్థ ఎలాంటిదో మాలాంటి వాళ్లం ఎలా తెలుసుకోవాలి? మా ఊళ్లో రుషికొండ వైపు కూడా ఇప్పుడు డైవింగ్ జరుగుతోంది కాబట్టి, అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

సమాధానం 1: లోతునీరు

నేను డైవింగ్ శిక్షకుడిని. అండమాన్‌లో ఐదు సీజన్లు, థాయిలాండ్‌లో రెండు సీజన్లు పనిచేశాను. మీరు చూసినది అరుదైన సంగతి కాదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ గైడు మీ చేతిని పగడం మీద ఎందుకు ఆనించాడో చెబుతాను. నీటిలో మునగకుండా, తేలకుండా ఒకే లోతులో నిలకడగా ఉండడం డైవింగ్‌లో అన్నిటికన్నా కష్టమైన విద్య. ఊపిరి నిండుగా పీల్చితే శరీరం పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. నడుముకు కట్టిన బరువులు, జాకెట్టులోని గాలి, ఊపిరి, ఈ మూడింటికీ పొత్తు కుదరాలి. నాలుగు రోజుల కోర్సు చేసినవారికి కూడా అది అంతంత మాత్రంగానే వస్తుంది. అరగంట శిక్షణతో దిగినవారికి రాదు, రావాలని ఆశించడం కూడా న్యాయం కాదు. అందుకే ఫొటో తీసేటప్పుడు మనిషి కదలకుండా ఉండాలంటే గైడుకు కనిపించే సులువైన దారి, దేన్నో ఒకదాన్ని పట్టించడం. ఆ దేన్నో ఒకటి పగడం అవుతోంది.

ఇందులో తప్పు గైడు మనసులో కంటే సంస్థ లెక్కల్లో ఎక్కువ ఉందని నా అభిప్రాయం. మొదటిసారి దిగేవారి డైవ్‌ను తక్కువ ధరకు అమ్మి, ఒక బృందం వెనుక ఒక బృందాన్ని ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా దింపితేనే గిట్టుబాటు అయ్యేలా వ్యాపారం కట్టుకున్నప్పుడు, గైడుకు ఓపికగా నేర్పే సమయం ఎక్కడ ఉంటుంది? నేను పనిచేసిన ఒక చోట సీజను ఉధృతంగా ఉన్న రోజుల్లో ఒకే రోజు ఆరుసార్లు నీటిలోకి దిగాను. ఆరోసారి దిగినప్పుడు నా కళ్లు పర్యాటకుడి గాలి మీటరు మీద ఉన్నాయి గానీ, అతని కాళ్ల కింద ఏముందో నేను చూడలేదు.

కాబట్టి సంస్థ చేయగలిగిన మొదటి మేలు, గోడ మీద రాతల కంటే ముందు, ఒక గైడుకు ఎంతమందిని అప్పగిస్తున్నదో తగ్గించుకోవడం. మొదటిసారి దిగేవారికి ఒక్కొక్కరికి ఒక్కొక్క గైడు ఉండాలి. దిగే చోటు పగడాల మధ్య కాకుండా, దిబ్బకు కొంచెం దూరంగా ఇసుక నేల మీద ఉండాలి. అక్కడ మోకాళ్లు ఆనినా, ఫిన్ తగిలినా పెద్ద నష్టం లేదు. కాస్త కుదురుకున్నాక దిబ్బ అంచు దాకా తీసుకువెళ్లి, పైనుంచి చూపించి వెనక్కు తేవచ్చు. ఫొటో తీసే పనిని వేరే మనిషికి అప్పగిస్తే గైడు రెండు చేతులూ పర్యాటకుడి కోసమే ఉంటాయి.

మాటలతో చెప్పి పంపిస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. కరీబియన్‌లోని సెయింట్ లూసియా ద్వీపంలో డైవర్లను నీటి అడుగున గమనిస్తూ జరిపిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. పడవ మీద నాలుగు మాటలు చెప్పినంత మాత్రాన డైవర్లు పగడాలను తాకడం తగ్గలేదని, నీటి అడుగున గైడు దగ్గరికి వచ్చి సరిదిద్దినప్పుడు మాత్రం బాగా తగ్గిందని అందులో తేలింది. చేతిలో కెమెరా ఉన్నవారు మిగిలినవారి కంటే ఎక్కువగా తాకారని కూడా అదే అధ్యయనం చెప్పింది. నా అనుభవం కూడా అదే. గైడు ఒక్కసారి వచ్చి మెల్లగా కాలు పైకెత్తితే, ఆ డైవరు ఆ రోజంతా గుర్తుంచుకుంటాడు.

"చచ్చిపోయిన పగడమే" అన్న మాట గురించి కూడా చెప్పాలి. పగడం పైకి రాయిలా కనిపించినా, దాని మీద పల్చటి సజీవమైన పొర ఉంటుంది. ఆ పొరను జిగురు లాంటి ద్రవం కాపాడుతుంది. చేత్తో తుడిస్తే ఆ జిగురు పోతుంది, చీలిన చోట రోగం చేరుతుంది. ఒకవేళ నిజంగానే చచ్చిన కొమ్మ అయినా, దాని సందుల్లో చిన్న చేపలు, పీతలు కాపురం ఉంటాయి, కొత్త పగడపు లార్వాలు అతుక్కునేది కూడా అలాంటి గట్టి నేల మీదే. గుండ్రటి బండ పగడాలు చాలావరకు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూ పెరుగుతాయి. మీ నడుమంత ఎత్తు ఉన్నదాన్ని చూశారంటే అది మీ తాతగారి కంటే పెద్దది.

రెండో సంగతి లంగరు. ఒక్క ఫిన్ విరిచేది ఒక కొమ్మనైతే, పడవ లంగరు గొలుసుతో సహా దిబ్బ మీద పడి గాలికి అటూ ఇటూ ఈడ్చుకుపోతే ఒక గదంత మేర నుగ్గవుతుంది. దీనికి మందు తెలిసినదే. ఇసుక నేలలో కాంక్రీటు దిమ్మనో, ఇనుప మరమేకునో దింపి, దానికి తాడు కట్టి, నీటి మీద తేలే బోయా పెడితే పడవలు దానికి కట్టేసుకుంటాయి. కరీబియన్‌లో బొనైర్ అనే చిన్న ద్వీపం చుట్టూ ఉన్న సముద్రాన్నంతా 1979లో మెరైన్ పార్కుగా ప్రకటించారు. అక్కడ లంగరు వేయడం నిషేధం, డైవింగ్‌కు బోయాలే వాడాలి, చేతి తొడుగులు వేసుకోవడం కూడా నిషేధమే, ఎందుకంటే తొడుగు ఉన్న చేయి దేన్నైనా పట్టుకోవడానికి జంకదు. మొదట వచ్చిన గ్రాంటు డబ్బు అయిపోయాక కొన్నేళ్ల పాటు ఆ పార్కు పేరుకే మిగిలింది. 1992 నుంచి డైవర్ల దగ్గర తలకు 10 డాలర్ల రుసుము తీసుకుని, ఆ డబ్బును పార్కుకే ఖర్చు పెట్టడం మొదలయ్యాక అది నిలబడింది. ఇప్పుడు రుసుము అంతకంటే చాలా ఎక్కువ, అయినా డైవర్లు చెల్లిస్తున్నారు.

బోయాలకు డబ్బు ఒక్క సంస్థ పెట్టడం కష్టం. పెట్టిన సంస్థ బోయాకు పోటీ సంస్థ పడవ వచ్చి కట్టుకుంటుంది, తాడు పాతబడితే మార్చేది ఎవరన్న తగవు వస్తుంది. అందుకే ఒకే తీరంలో ఉన్న సంస్థలన్నీ కలిసి ఒక నిధి పెట్టుకుంటే తప్ప ఇది సాగదు. నేను చూసినంతలో పోటీదారులు ఒక బల్ల దగ్గర కూర్చోవడమే ఈ రంగంలో అన్నిటికన్నా గడ్డు పని.

ఒక సంస్థను ఎలా తూచాలన్నారు గదా. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం, రీఫ్ వరల్డ్ ఫౌండేషన్ కలిసి 2004లో గ్రీన్ ఫిన్స్ అనే కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి. అందులో డైవింగ్ సంస్థలకు 15 నియమాలు ఉంటాయి. లంగరు, చేపలకు మేత వేయడం, చెత్త, ఇంజిను నూనె, డైవర్లను నీటిలో సరిదిద్దడం వంటివన్నీ వాటిలోకి వస్తాయి. చేరిన సంస్థ ఆ నియమాలను పాటిస్తున్నదో లేదో శిక్షణ పొందినవారు వచ్చి, పడవెక్కి, నీటిలోకి దిగి చూసి మార్కులు వేస్తారు. సర్టిఫికెట్ల మీద నాకు అతి నమ్మకం లేదు గానీ, నీటిలోకి దిగి చూసే పరీక్ష కాగితం మీద సంతకం చేయించుకునే పరీక్ష కంటే నయం.

సమాధానం 2: ప్రవాళం

నేను సముద్ర జీవశాస్త్రంలో పరిశోధన చేసినదాన్ని. లోతునీరు గారు చెప్పిన దానితో ఏకీభవిస్తూ, అందులో రాని రెండు సంగతులు జోడిస్తాను.

మొదటిది సంఖ్య. ఎంత జాగ్రత్తగల డైవర్లైనా ఒకే చోట లెక్కకు మించి దిగితే దిబ్బ అరుగుతుంది. బొనైర్‌లోనే 1990ల తొలి ఏళ్లలో జరిపిన అధ్యయనంలో, ఒక్కొక్క డైవ్ స్థలం ఏడాదికి సుమారు 4,000 నుంచి 6,000 డైవ్‌లు దాటితే నష్టం స్పష్టంగా కనిపించడం మొదలవుతుందని అంచనా వేశారు. అన్ని దిబ్బలకూ అదే అంకె వర్తించదు, అనుభవం లేనివారు ఎక్కువగా దిగే చోట తట్టుకునే శక్తి ఇంకా తక్కువ. అయినా ఒక హద్దు ఉన్నదని ఒప్పుకోవడమే ముఖ్యం. మలేసియాలోని సిపాడాన్ ద్వీపం మీద ఉన్న రిసార్టులన్నింటినీ 2004 చివరికి తొలగించారు. ఆ తర్వాత రోజుకు 120 మందికే అనుమతి ఇచ్చారు. ఆ అంకెను తరువాత కొంత పెంచినా, పరిమితి అన్నది పోలేదు. థాయిలాండ్ 2018లో సిమిలాన్ దీవులకు రోజుకు 525 మంది డైవర్లన్న హద్దు పెట్టింది. ఈ హద్దులు పెట్టినది ప్రభుత్వాలే గానీ, సంస్థలు ఎదురు తిరిగితే అమలు కావడం ఎంత కష్టమో ఊహించవచ్చు. సంస్థలు సముద్రానికి చేయగల మేలులో, హద్దు పెట్టమని తామే ముందుకు వచ్చి అడగడం ఒకటి.

రెండోది వేడి. సముద్రపు నీరు మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు నిలిచిందంటే, పగడాలు తమ కణజాలంలో పెంచుకునే సూక్ష్మ శైవలాలను బయటకు నెట్టేసి తెల్లబారిపోతాయి. వాటికి తిండి పెట్టేవి ఆ శైవలాలే కాబట్టి, వేడి తగ్గకపోతే ఆకలితో చచ్చిపోతాయి. మన దీవుల్లో 1998లో, 2010లో, 2016లో ఇది జరిగింది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి సామూహికంగా తెల్లబారుతున్నాయని శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఏ డైవింగ్ సంస్థా ఈ వేడిని ఆపలేదు. అందుకని ఫిన్ తగిలితే ఏం పోయిందిలే అనే వాదన కూడా వింటుంటాను. అది తలకిందుల వాదన. తెల్లబారి కొంత చచ్చిన దిబ్బ తిరిగి కోలుకోవాలంటే కొత్త పగడపు పిల్లలు అతుక్కుని బతకాలి. అవి మొదటి రెండేళ్లలో గోరంత, రూపాయి బిళ్లంత ఉంటాయి. డైవరు కంటికి ఆనవు. ఫిన్ లేపిన ఇసుక వాటి మీద పడితే ఊపిరాడక పోతాయి. వేడి వల్ల నష్టపోయిన దిబ్బకు మనుషుల తాకిడి తగ్గించడం, జబ్బు పడి లేచినవాడికి పథ్యం పెట్టడం లాంటిది. ఒక ప్రాంతం తీవ్రంగా తెల్లబారినప్పుడు అక్కడ కొన్ని స్థలాలను ఆ సీజనుకు వదిలేయగల సంస్థను నేను గౌరవిస్తాను.

డైవింగ్ సంస్థలకు ఉన్న గొప్ప బలం, పరిశోధకులకు లేనిది, వారు రోజూ నీటిలో ఉండడం. నేను ఒక దిబ్బను ఏడాదికి రెండు వారాలు చూస్తే, అక్కడి డైవ్ మాస్టరు రెండు వందల రోజులు చూస్తాడు. ఆ చూపును రాతలో పెట్టగలిగితే అది అమూల్యం. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వారి కోరల్ వాచ్ పథకంలో ఒక ప్లాస్టిక్ రంగుల పలక ఉంటుంది. దాని మీద ప్రతి రంగుకూ 1 నుంచి 6 వరకు ఛాయలు ఉంటాయి. పగడంలో అన్నిటికన్నా లేత భాగాన్ని, ముదురు భాగాన్ని దానితో పోల్చి, ముట్టుకోకుండానే, అంకెలు రాసుకోవాలి. వారం వారం అవే పగడాలకు రాస్తే తెల్లబారడం ఏ రోజుల్లో మొదలైందో తెలిసిపోతుంది. తిమింగల సొరల మొప్పల వెనుక ఉండే చుక్కల అమరిక మన వేలిముద్రల లాంటిది. పర్యాటకుడు తీసిన ఒక్క ఫొటోతో ఆ జీవి అంతకు ముందు ఎక్కడ కనిపించిందో పోల్చవచ్చు. పర్యాటకులు కూడా ఇలాంటి పనిని ఎంతో ఇష్టంగా చేస్తారు, సెలవు రోజుకు ఒక అర్థం దొరికినట్టు ఉంటుంది వారికి.

పగడాలు నాటే కార్యక్రమాల గురించి మాత్రం జాగ్రత్తగా ఉండమంటాను. ఇనుప చట్రాలకు పగడపు ముక్కలు కట్టి, పర్యాటకుల పేర్లు తగిలించి, ఫొటోలు తీసి ఆరు నెలలకు మరిచిపోయిన చట్రాలను నేను చూశాను. మన దేశంలో పగడం ముక్కను తీయాలన్నా, మార్చాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి. ఆ పని చేస్తున్నామనే సంస్థను రెండేళ్ల కింద నాటినవి ఎన్ని బతికాయని అడగండి. సూటిగా అంకె చెప్పగలిగితే నమ్మవచ్చు.

సమాధానం 3: జంగ్లీఘాట్ వాసి

మా తాతగారి కాలంలో శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన మత్స్యకార కుటుంబం మాది. నాన్నగారు వేటకు వెళ్లేవారు. నేను కొన్నాళ్లు డైవింగ్ పడవ నడిపాను. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 50 వేల పైచిలుకు, అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు. డైవింగ్ గురించి మాట్లాడేటప్పుడు మాలాంటివారి మాట ఎవరూ అడగరు కాబట్టి రాస్తున్నాను.

పెద్దలు ఇద్దరూ దిబ్బ గురించి చెప్పారు. నేను ఒడ్డు గురించి చెబుతాను. మెరైన్ పార్కు వచ్చిన చోట మా వాళ్ల వల ఆగిపోతుంది. వండూరు దగ్గర 15 దీవులతో మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కును 1983లో ప్రకటించారు. దిబ్బను కాపాడాలంటే అలాంటివి ఉండాలని నేనూ ఒప్పుకుంటాను. అయితే వల వేయవద్దన్న నీటిలోకి పర్యాటకుడి పడవ వచ్చినప్పుడు, ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా తన గడపకు రాని జాలరికి ఆ దిబ్బ మీద ప్రేమ ఎలా కలుగుతుంది?

ఫిలిప్పీన్స్‌లోని అపో ద్వీపం గురించి ఒక శిక్షణ శిబిరంలో విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. 1982లో అక్కడి జాలరులే, సిల్లిమన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఏంజెల్ అల్కాలా వంటి శాస్త్రవేత్తలతో కలిసి, తమ దిబ్బలో ఒక చిన్న భాగాన్ని వేట లేకుండా వదిలేశారు. కాపలా కూడా వారే కాశారు. కొన్నేళ్లకు లోపల చేపలు పెరిగి, హద్దు దాటి బయటకు వచ్చి వారి గాలాలకే దొరికాయి. ఆ చేపలను చూడడానికి డైవర్లు వచ్చారు, డైవర్లు కట్టిన రుసుము ఊరికి వచ్చింది. ముందు జాలరి, ఆ తర్వాత డైవరు. మన దగ్గర ఆ వరుస తిరగబడుతోందని నా బాధ.

అలా అని ఇక్కడ మంచి లేదనను. స్వరాజ్ ద్వీప్ దగ్గర పేరున్న కొన్ని డైవ్ స్థలాలకు కరెన్ తెగకు చెందిన స్థానిక డైవర్ల పేర్లే పెట్టారు. ఆ చోట్లను వెతికి పట్టినది వారే. స్థానికుడిని పడవ నడపడానికి, సిలిండర్లు మోయడానికి మాత్రమే పెట్టుకోకుండా, డైవ్ మాస్టరు దాకా, శిక్షకుడి దాకా చదివించే సంస్థ దిబ్బకు ఒక కాపలాదారుని తయారు చేస్తున్నట్టే. ఆ కోర్సులకు లక్షల్లో ఖర్చవుతుంది, పుస్తకాలన్నీ ఇంగ్లిషులో ఉంటాయి. నేను అక్కడే ఆగిపోయాను. జీతంలోంచి నెల నెలా పట్టుకునే పద్ధతిలో చదివించి, తెలుగులోనో బెంగాలీలోనో పాఠం చెప్పి ఉంటే, మా వీధి నుంచే పది మంది శిక్షకులు వచ్చేవారు. ఎక్కడ ఏ కాలంలో నీటి వాటం ఎటు ఉంటుందో వారికి చిన్ననాటి నుంచీ తెలుసు.

ఇంకొక మాట. ఉదయం డైవింగ్‌లో చిలుక చేపను చూసి మురిసిపోయిన అతిథికి రాత్రి భోజనంలో అదే చేపను వడ్డించే రిసార్టులు ఉన్నాయి. చిలుక చేప దిబ్బ మీద పెరిగే నాచును గీకి తిని, పగడాలకు చోటు మిగులుస్తుంది. దాన్ని వండవద్దని రిసార్టు చెబితే మేము నొచ్చుకోము. దాని బదులు మేము బయటి నీటిలో పట్టే సూర, కానాగంతలను మంచి ధరకు కొంటామని ముందే మాట ఇస్తే, మా పడవలు దిబ్బ వైపు రావలసిన అవసరం సగం తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు: విశాఖ తీరం

ముగ్గురికీ మనఃపూర్వకంగా ధన్యవాదాలు. జంగ్లీఘాట్ వాసి గారూ, ఆ ప్రయాణంలో మేము రెండు రాత్రులు తిన్నది ఏ చేపో నేను అడగనే లేదు. ప్రవాళం గారూ, మీరు అంకెలు అడగమన్న మాటను పట్టుకుని, మేము వెళ్లిన సంస్థకు ఒక లేఖ రాయడం మొదలుపెట్టాను. గైడుకు ఎంతమంది, పడవ లంగరు వేస్తుందా బోయాకు కడుతుందా, సిబ్బందిలో స్థానికులు ఏ స్థానాల్లో ఉన్నారు, ఈ మూడూ అడుగుతున్నాను. మా విశాఖ సంగతి ఎవరైనా చెబితే సంతోషిస్తాను. ఇక్కడ పగడాలు లేవు కాబట్టి సమస్య లేదని మా మిత్రుడు అంటున్నాడు.

సమాధానం 4: రాతిగుట్ట

విశాఖలో డైవింగ్ చేసేవాడిని. మీ మిత్రుడి మాటలో సగమే నిజం. అండమాన్‌లో లాంటి పగడపు దిబ్బలు మనకు లేవు. నీటి అడుగున బండరాళ్ల గుట్టలు ఉన్నాయి, వాటి మీద స్పంజికలు, మెత్తని పగడాలు, వాటి సందుల్లో ఈల్ చేపలు, సింహ చేపలు కాపురం ఉంటాయి. వానాకాలం నీరు బురదగా ఉంటుంది, చలికాలం నుంచి వేసవి మొదటి దాకా కొంత తేటపడుతుంది.

ఇక్కడి పెద్ద బెడద ఫిన్‌లు కాదు, వలలు. బండకు చిక్కుకుని తెగిపోయిన నైలాన్ వల ఏళ్ల తరబడి నీటిలోనే ఉండి, ఎవరికీ కాకుండా చేపలను, పీతలను, ఒక్కొక్కసారి తాబేళ్లను పట్టి చంపుతూనే ఉంటుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వచ్చే నెలలూ, డైవింగ్ నెలలూ దాదాపు ఒకటే. ఇక్కడి డైవర్లు వలలను, ప్లాస్టిక్‌ను వెలికితీసే పని కొన్నేళ్లుగా చేస్తున్నారు. ఈ పనికి ఉత్సాహం ఒక్కటే చాలదు. వల డైవరుకు కూడా చుట్టుకుంటుంది కాబట్టి, కొత్తవారిని దానికి తీసుకువెళ్లకూడదు. ఇద్దరు అనుభవజ్ఞులు, ఒక్కొక్కరి దగ్గర రెండు కత్తెరలు, బరువును పైకి లేపే గాలి సంచి ఉండాలి. వల మీద అప్పటికే జీవులు పెరిగి బండతో ఒకటైపోతే గుంజకుండా, వేలాడే భాగాన్ని మాత్రమే కోసి తీసుకురావాలి. తీసినదాన్ని తూకం వేసి, ఏ రకమో, ఏ చోటో రాసి నమోదు చేయాలి. 2011లో మొదలైన డైవ్ అగైనెస్ట్ డెబ్రిస్ అనే కార్యక్రమంలో ప్రపంచంలోని ఏ డైవరైనా ఈ వివరాలను చేర్చవచ్చు.

వల పోగొట్టుకున్న జాలరి దొంగ కాదని కూడా గుర్తుంచుకోవాలి. వల అతనికి నెలల సంపాదన. వల ఎక్కడ చిక్కిందో భయం లేకుండా డైవర్లకు చెప్పగలిగితే, పనికొచ్చే వలను తిరిగి ఇచ్చేలా ఒప్పందం ఉంటే, ఇద్దరికీ మేలు. గుజరాత్ తీరంలో తిమింగల సొర వలలో పడినప్పుడు వలను కోసి దాన్ని వదిలిన జాలరికి వల నష్టాన్ని చెల్లించే పద్ధతి ఏళ్లుగా నడుస్తోంది, వందల సొరలు అలా బతికాయి. మన దగ్గర కూడా 2021 డిసెంబరులో తంతడి తీరానికి చేరిన తిమింగల సొరను అటవీ శాఖవారు, మత్స్యకారులు కలిసి తిరిగి నీటిలోకి పంపారు. ఇక్కడ డైవింగ్ ఇంకా చిన్నగా ఉన్నప్పుడే ఇలాంటి ఒప్పందాలు రాసుకోవడం సులువని నా నమ్మకం. పెరిగాక ప్రతి పడవకూ ఒక యజమాని, ప్రతి యజమానికీ ఒక పట్టుదల ఉంటాయి.

సమాధానం 5: లోతునీరు

జంగ్లీఘాట్ వాసి గారూ, తెలుగులో పాఠం అన్న మాట నా మనసులో పడింది. మొదటి డైవ్‌కు ముందు చెప్పే అరగంట పాఠాన్ని, దిబ్బ గురించి చెప్పవలసిన సంగతులతో సహా, తెలుగులో రాసి ఇక్కడ పెడతాను. సముద్రపు మాటల్లో తప్పులుంటే మీరు సరిదిద్దాలి. వాటం అన్న మాటే నాకు తెలియదు, నేను ఇన్నాళ్లూ కరెంట్ అనే చెబుతున్నాను.

విశాఖ తీరం గారూ, మీ అమ్మాయికి మళ్లీ దిగాలని ఉంటే ఈసారి సరదా డైవ్ కాకుండా కోర్సులో చేర్పించండి. పదేళ్లు నిండిన పిల్లలు చేరవచ్చు. ఆగకుండా 200 మీటర్లు ఈదగలగాలి, 10 నిమిషాలు నీటి మీద తేలగలగాలి. మొదటి పాఠాలు ఈతకొలనులోనే జరిగేలా చూడండి. కొలను అడుగున పలకకు ఒక జానెడు ఎత్తులో, దాన్ని తాకకుండా, ఊపిరితోనే రెండు నిమిషాలు నిలబడడం వచ్చిన తర్వాతే సముద్రానికి తీసుకువెళ్లమని శిక్షకుడిని అడగండి.